ఏడింటిలో మూడు మిగిలాయి

గురువారం. తమ్ముడు పోయి పదమూడో రోజు. కాలనీ సంచికకు వాడి గురించి రాయమన్నారు. వాడి చివరి సాయంత్రం చూసింది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను. చేత్తోనే. కంప్యూటర్‌లో తెలుగు ఇంకా ఎక్కలేదు.

వాడు రైల్వే ఇంజన్ల షెడ్‌లో కంప్యూటర్లు చూసి రిటైరయ్యాడు. మనవలకు నేను తెలుగు పాఠాలు టైపు చేసే కంప్యూటర్ పాడైతే తనుండే తోర్వా పేట నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. ఈసారి పాత టైపింగ్ ప్రోగ్రాం తీసేసినా కొత్తది ఎక్కలేదు. "తీసేశాక ఇంకా ఏటి మిగిలింది?" అన్నాను.

"క్వార్టర్ ఖాళీ చేసినోడు తలుపు మీద పేరు చెరిపెల్తాడేటప్పా? మనమే చెరపాల."

ఆ పేర్లుండే చోటు రిజిస్ట్రీ. ఏ ప్రోగ్రాం ఎక్కడుందో కంప్యూటర్ రాసి పెట్టుకునే పట్టిక. వాడు ముందు దాని నకలు దాచేవాడు. పాత పేరుతో వెతికి, దొరికిన ప్రతి ఎంట్రీనీ కాగితం మీద రాసుకుని, పైకి చదివి, అప్పుడు డిలీట్ కొట్టేవాడు. ఒకసారి నేను సరిగ్గా చదవకుండా కొట్టేసి ప్రింటర్ పనిచేయకుండా చేశాను. తిట్టలేదు. "పేరు ఒకేలాగుంటే మనిషొకడే అవడప్పా" అని నకలు తిరిగి ఎక్కించాడు.

ఆ సాయంత్రం ఏడు దొరికాయి. మూడు తీశాక ఎడమ భుజం రుద్దుకున్నాడు. "గేసు పట్టిందప్పా. మిగతావి రేపు చూద్దాం" అన్నాడు. చిన్నప్పుడు లెక్కలు సగంలో వదిలితే వాణ్ణి లేవనిచ్చేదాన్ని కాదు. "ఇంకొక్కటైనా చేసి లే" అన్నాను.

"అచ్ఛా, హెడ్మాస్టరమ్మా" అని నవ్వాడు. నాలుగోది చదువుతుంటే వాడి గొంతు సరిగా రాలేదు. నేను కాగితం చూస్తున్నాను, వాడి ముఖం చూడలేదు. మర్నాడు పొద్దున్నే మరదలు ఫోన్ చేసింది.

నాలుగోదానికి పట్టిన ఆ పది నిమిషాలు ముందు లేచినా తేడా ఉండేది కాదని డాక్టరు అన్నారట. మరదలు నన్నేమీ అనలేదు. "మీ మాటంటే ఆయనకి భయం కాదు వదినా, ఇష్టం" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక జరగవలసినవి:

1. రిజిస్ట్రీ నకలు దాచాలి.
2. వాడి కాగితం పక్కన పెట్టుకుని, మిగిలిన మూడూ పైకి చదివి తీయాలి. రోజుకొక్కటే.
3. కొత్త ప్రోగ్రాం ఎక్కాక ఇది టైపు చేసి, మొదటి ప్రతి మరదలికివ్వాలి.
4. కుర్చీ. పొడుగుమనిషి, తనకు సరిపడా పైకి పెంచుకున్నాడు. కూర్చుంటే నా కాళ్ళు నేలకందడం లేదు. దించాలి.