నానే కట్టినాను

ఆ రోజు ఎదురింటి అత్త చెప్పిన మాట నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఏడేళ్లుగా చెప్పుకుంటూ వస్తున్నాను. మొదట కమిటీ వాళ్లకి చెప్పాను, తరవాత వీధిలో వాళ్లకి, ఆ తరవాత మా ఆవిడకి, చివరికి నాకు నేనే చెప్పుకున్నాను. నలుగురిలో ఆ చివరివాడొక్కడే నమ్మలేదు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం, పోయిన నెల మా వీధి గురించి అచ్చయిన ఒక చిన్న పుస్తకం. భిలాయిలో మొట్టమొదట కట్టిన క్వార్టర్ల వీధుల్లో మాది ఒకటి. దాని రూపు చెడకుండా కాపాడాలని కొందరు పెద్దలు కలిసి కమిటీ పెట్టుకున్నారు. ఆ కమిటీయే పుస్తకం వేసింది. చివరి పేజీల్లో సరదా సంగతులని హిందీలో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి, ఒక ఆంధ్రా ముసలమ్మ సర్వేకి వచ్చినవాళ్లతో తన ఇంటి అరుగు తానే కట్టానని గొప్పలు పోయి, తన నోటితోనే దాన్ని కూలగొట్టించుకుందట. ఆ కథ నేను చెప్పిందే. ఒకసారి కమిటీ వాళ్లు టీకి పిలిచినప్పుడు చెప్పాను. అందరూ నవ్వారు, నాకు ఇంకో సమోసా వడ్డించారు. అచ్చులో చూసేసరికి మాత్రం ఆ పేజీ దాటి ముందుకి పోలేకపోయాను.

మా వీధి చూడ్డానికి బాగుంటుందని ఒప్పుకోవాలి. అటు పదిళ్లు, ఇటు పదిళ్లు, అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. నడుమెత్తు గోడ, గోరింట కంచె, పాలిపోయిన పసుపు రంగు సున్నం, రోడ్డుకి రెండు వైపులా వేపచెట్లు. స్టీల్ ప్లాంటు వైపునుంచి గాలి వీచిన రోజున ఆకుల మీద సన్నటి ఎర్రదుమ్ము కూర్చుంటుంది. మధ్యకాలంలో కంపెనీ వాటిని ఉన్నవాళ్లకే అమ్మేసింది, ఎవరి అవసరం కొద్దీ వాళ్లు ఇళ్లని సాగదీశారు. ఒకరు స్కూటరుకి రేకుల షెడ్డు వేశారు, ఇంకొకరు ముందు గోడకి గులాబీ రంగు పూశారు. మూలింటి పంజాబీ కుటుంబం డాబా మీద నీళ్ల ట్యాంకుని విమానం ఆకారంలో కట్టించుకుంది. దాన్ని చూసిన రోజున కమిటీ పెద్దాయన అన్నం సరిగా తినలేదని వాళ్లావిడ చెప్పింది.

ఆ పెద్దాయన తెలుగాయనే. ప్లాంటులో పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు మా వీధిలోనే ఉన్నారట, ఆ మమకారం పోలేదు. వైశాలి నగర్‌లో సొంతిల్లు కట్టుకుని, దానికి తనకి నచ్చిన ఆకుపచ్చ రంగు వేసుకుని, రోజూ సాయంత్రం మా గేట్ల రంగులు చూడ్డానికి వచ్చేవారు. ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్లం కానీ ఆయన చెప్పింది తప్పు కాదు. మొదట కట్టినప్పుడు ఉన్నది ఉండాలి, తరవాత చేర్చింది పోవాలి. అంతే సూత్రం. ఇరవై ఇళ్లవాళ్లమూ ఒప్పుకుని సంతకాలు పెట్టాం. విమానం కూడా దిగిపోయింది.

ఇక అత్త సంగతి. ఆవిడ మాకు చుట్టం కాదు. మా నాన్న, ఆవిడ భర్త శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ప్లాంటులో ఒకే విభాగంలో పనిచేశారు కాబట్టి ఆవిడ నాకు అత్త అయింది. ఇక్కడ తట్టలు మోసే ఆడకూలీని రేజా అంటారు. పెళ్లికి ముందు అత్త రేజాగా పనిచేసింది. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో తల్లితో వచ్చి, క్యాంప్ 1లో గుడిసెలో ఉంటూ, మా వీధి కడుతున్న చోటికి రోజూ నడిచి వెళ్లేదట. మేస్త్రీ వాళ్ల వైపు మనిషే. ఇంటి ప్లాను గీసిన నక్షాలో చిన్న వరండా, దాని ముందు రెండు మెట్లు తప్ప ఏమీ లేవట. పొద్దువాలాక మనుషులు ఎక్కడ కూర్చుంటారని మేస్త్రీ అడిగితే, అప్పటి ఇంజినీరు నవ్వి, నక్షా మళ్లీ గీయించి, ప్రతి ఇంటికీ మెట్ల పక్కన ఒక అరుగు పెట్టించాడు. ఇరవై అరుగులకీ సున్నం కలిపింది, పైపూతని గులకరాయితో రుద్ది నునుపు చేసింది అత్తే. తరవాత ఎన్నో ఏళ్లకి ఆవిడ భర్తకి ఆ వీధిలోనే క్వార్టరు వచ్చింది. సామాన్లు బండిలోంచి దింపుతుంటే ఆవిడ ఇంట్లోకి పోకుండా అరుగు మీద అరచెయ్యి పెట్టి అలా నిలబడిపోయిందని మా అమ్మ చెప్పేది.

మిగతా పంతొమ్మిది అరుగులూ ఒక్కొక్కటే పోయాయి, పెద్దాయన వీధిలో ఉన్న రోజులకే రెండో మూడో మిగిలాయట. మా ఇంటిది మా నాన్న స్కూటరు కొన్న ఏడాది పోయింది. మిగిలింది ఎదురింటిదొక్కటే. అందుకే అది ఆవిడ ఒక్కదానిదిగా ఉండేది కాదు. ఎండాకాలం సగం అరుగు మీద అత్త మినప వడియాలు, సగం మీద పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ బిజౌరీలు ఎండేవి. రెండూ మినప్పిండివే అయినా, మావి గొప్పంటే మావి గొప్పని ఇద్దరూ ఏటా వాదులాడుకునేవాళ్లు. ఉతై నుంచి కూరలు తెచ్చే ఆవిడ గంప దించేది అక్కడే. నేను పదో తరగతి లెక్కలు చేసింది అక్కడే. లెక్క తప్పితే అత్తకి నా మొహం చూసే తెలిసిపోయేది.

నేను ఒక చిన్న సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. వీధిలో తెలుగు ముసలివాళ్లు ఎక్కువని, ఇళ్ల వివరాలు రాసే పని పెద్దాయన నాకు ఒప్పగించారు. ఫారంలో ఇంటి ముందున్న ప్రతిదానికీ రెండే గడులు. మొదటినుంచీ ఉన్నది. ఇంటివాళ్లు కట్టుకున్నది. ఏప్రిల్ ఎండలో అత్త ఇంటికి వెళ్లాను. మజ్జిగ ఇచ్చింది. అరుగు మీద కూర్చుని తాగి, అరుగు ఎవరు కట్టారని అడిగాను. కాగితం నింపాలి కాబట్టి అడిగానంతే.

"ఎవులు కడతార్రా? నానే కట్టినాను," అంది అత్త. అని, కొంగుతో అరుగు మీది దుమ్ము తుడిచింది.

ఆ మాటకి అర్థం నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ విన్నదే. మా వీధి పిల్లలందరికీ ఆవిడ ఇరవై అరుగుల కథ చెప్పింది. నేను రెండో గడిలో టిక్కు పెట్టాను. పక్కన హిందీలో, ఇంటావిడ తానే కట్టుకున్నానని చెప్పింది, అని రాశాను. మజ్జిగ బాగుందని కూడా అన్నాను.

ఎందుకంటే అంతకు ముందు రోజే నా ఇంటి ఫారం నేనే నింపుకున్నాను. మా అమ్మాయి చదువు కోసమని నేను ముందు వరండాకి గోడ లేపి గది చేయించాను. పాత ఇటుకలే వెతికి తెప్పించి, పాత కిటికీనే బిగించి, పసుపు సున్నం కొట్టిస్తే, తెలియనివాళ్లెవరూ పోల్చలేరు. ఒకటి రెండు ఇళ్లకి మొదటే ముందు గది ఇచ్చారని వీధిలో అనుకునేవాళ్లు, ఆ ధైర్యంతో దాన్ని మొదటి గడిలో వేశాను. ఇరుగుపొరుగు వాళ్లకి తెలుసు కానీ, ఎవరి పెరట్లో ఏది దాగి ఉందో వాళ్లకీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. ఇక అరుగు. ఇరవై ఇళ్లలో ఒక్క ఇంటికే ఉన్నదాన్ని మొదటినుంచీ ఉన్నదని రాస్తే పెద్దాయన రుజువు అడుగుతారు. రుజువంటే పాత నక్షా. ఆయన ఇంకా దాన్ని చూడలేదు, అవసరమైతే రికార్డుల గదిలోంచి తీయిస్తానన్నారు. నేను మాత్రం వేరే పని మీద ఒకసారి చూశాను. ఆ ఒక్క కాగితంలోనే అత్త అరుగూ ఉంది, ఇరవై ఇళ్లకీ గోడ లేని వరండాలూ ఉన్నాయి. అది బయటికొస్తే ఎదురింటి అరుగు నిలుస్తుంది, నా గది కూలుతుంది.

తీసేయవలసినవాటి జాబితా వచ్చాక అత్త ఆ కాగితం పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. ఆవిడకి చదువు రాదు. ఏం రాశారో చదివి చెప్పాను.

"నాను సెప్పినమాటే రాసినావా?" అని అడిగింది.

"ఆ మాటే రాశానత్తా."

"మరి కట్టినదాన్ని కూలగొడతారేటి?"

కమిటీ రూలు అలా ఉందన్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసింది. కాగితం నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని వెళ్లిపోయింది. అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వడానికి గడువు పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ నేను పెందలాడే ఆఫీసుకి పోయి, ఆలస్యంగా వచ్చాను. భర్త పోయి, పిల్లలు లేక ఒంటరిగా ఉన్న ఆవిడకి, రాసిపెట్టమని అడగడానికి నేను తప్ప ఎవరూ లేరని నాకు తెలుసు.

కూలగొట్టడానికి కమిటీ నలుగురు కూలీల్ని పంపింది, వాళ్ల మీద ఒక సూపర్వైజరు. నేను ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోయాను. ఆ కొత్త గదిలోనే, కిటికీ తెర వెనక నిలబడ్డాను. గంటలో అయిపోతుందనుకున్న పని మధ్యాహ్నం దాకా లాగింది. ఆ పాత సున్నం సమ్మెటకి లొంగలేదు. అత్త గుమ్మంలో నిలబడి చూసింది. కూలీల్లో ఉన్న ఇద్దరు రేజాలకి చెంబుతో నీళ్లిచ్చింది. అలా కొడితే చేతులు నొప్పెడతాయని, పక్కనుంచి కొట్టమని వాళ్లకి హిందీలో చెప్పింది.

పని ముగిశాక సూపర్వైజరు రోడ్డు దాటి మా ఇంటి వైపు వచ్చాడు. నా గది గోడని చేత్తో తట్టాడు. వెనక్కి తిరిగి, ఈ గోడ ఎప్పటిదమ్మా అని అత్తని అడిగాడు. ఆ గోడ లేస్తున్నన్నాళ్లూ మా మేస్త్రీలకి టీ పంపింది ఆవిడే. నేను తెర అంచు పట్టుకుని విన్నాను.

"షురూ సే హై, భయ్యా," అంది అత్త. మొదట్నుంచీ ఉందని. అతను రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట విన్నవాణ్ణి ఆ రోజే రోడ్డు దాటి వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఆవిడ నన్ను కాపాడింది కాబట్టి, ఇప్పుడు నిజం చెబితే ఆవిడ కూడా అబద్ధం చెప్పినట్టవుతుందని నాకు నేను ఒక సాకు చెప్పుకున్నాను. అది చాలా సౌకర్యంగా ఉండేది. వీధిలో వాళ్లు అరుగు గురించి అడిగితే, ఆవిడే అలా చెప్పింది, నా తెలుగు అంతంతమాత్రం, అనేవాణ్ణి. భిలాయిలో పుట్టినవాడు తెలుగు సరిగా రాదంటే ఎవరైనా నమ్ముతారు. అలా అలా అది హాస్యకథ అయింది.

గది మాత్రం నన్ను వదల్లేదు. అమ్మాయి చదువు ముగిసి రాయపూర్‌లో ఉద్యోగానికి వెళ్లి నాలుగేళ్లయింది. గది ఖాళీగానే ఉంది. అందులో కూర్చుంటే కిటికీలోంచి కనిపించేది ఎదురింటి మెట్లు, పక్కన అతుకేసిన సిమెంటు మచ్చ, గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీలో అత్త. తెర వేస్తే ఉక్క. తీస్తే ఆవిడ. బయటికి వెళ్లాలన్నా ఆవిడ ఎదురుగానే గేటు తియ్యాలి. కనిపించినప్పుడల్లా, "తిన్నావేట్రా?" అని అడిగేది. తిన్నానత్తా అనేవాణ్ణి. ఏడేళ్లలో మా మధ్య మాటలన్నీ కలిపినా అంతకు మించి ఉండవు. ఇల్లు అమ్మి పోదామన్నా, ఎందుకంటే మా ఆవిడకి చెప్పడానికి కారణం లేదు.

పుస్తకం వచ్చిన వారానికి మా ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి ఆ గది తలుపు తీసి చూసింది. తరవాత, "ఖాళీ గది కోసమా," అంది. మర్నాడు పెద్దాయన ఇంటికి వెళ్లి, రాసి సంతకం పెట్టిన కాగితం ఇచ్చాను. ఆయన నక్షా తెప్పించారు. బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి, మెట్ల పక్కన గీసిన చిన్న చతురస్రాన్ని చాలాసేపు చూశారు. నన్ను తిట్టలేదు. "ఈ వీధిలో అన్నిటికన్నా పాతది అదేనయ్యా, మనం దాన్నే తీయించాం," అన్నారు. నా గది నెలలోపల తీసేయాలి. అరుగు నక్షాలో ఉంది కాబట్టి అదే కొలతకి మళ్లీ కట్టవచ్చు.

ఈ రెండో మాట పట్టుకుని ఆ సాయంత్రమే రోడ్డు దాటాను. ముందు శుభవార్త చెప్పి, మిగతాది ఆ సంతోషంలో కలిపేద్దామనుకున్నాను. అత్త కుర్చీలో ఉంది. ఎనభై దాటిందేమో, దగ్గర్నుంచి చూస్తే మనిషి సగమైపోయింది. అరుగు మళ్లీ కడతారని, నక్షాలో దొరికిందని, పని నేనే దగ్గరుండి చూసుకుంటానని గబగబా చెప్పాను.

"ఇప్పుడేటికిరా?" అంది. కోపంగా అనలేదు. "మోకాళ్లు ఒంగవు. ఈ కుర్సీలోంచి లేపడానికే ఇద్దరు గావాల. అరుగు మీద నానెక్కడ కూకోగల్ను?"

తెర వెనక కూర్చుని నేను వాయిదా వేస్తూ పోగొట్టినవి నా రోజులనుకున్నాను. అవి ఆవిడ రోజులు. తెచ్చిన శుభవార్త చేతిలోనే ఉండిపోయింది, ఇవ్వడానికి ఇంకేమీ లేదు. మా ఇళ్లలో క్షమించమని ఎవరూ అనరు. తప్పయిపోయింది అంటాం, అది ఎవరు చేశారో తెలియకుండా దానంతటదే అయినట్టు. ఇంటి దగ్గర ఆ మాటే అనుకుని వచ్చాను. కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాక అది నోటికి రాలేదు.

"నువ్వు చెప్పింది నాకు ఆ రోజే తెలిసిందత్తా," అన్నాను. "తెలిసే తప్పు రాశాను. నా గది కోసం రాశాను. నన్ను క్షమించు."