వదిన దించిన ఇంజను

పోయిన ఆదివారం కొవ్వూరులో మా కారు సర్వీసుకి ఇస్తే, మెకానిక్ ముందు చక్రం లోపలివైపు టార్చి వేసి, "యాక్సిల్ జాయింటు మీది రబ్బరు బూటు చిరిగిందండి. గ్రీజంతా బయటికొచ్చేసింది, చూడండి మేడమ్," అన్నాడు. నేను కుచ్చిళ్ళు పైకి పట్టుకుని వంగి, "లోపలి జాయింటుదా, బయటిదా?" అని అడిగాను. అతను టార్చి నా మొహం మీదకి తిప్పి, మళ్ళీ మర్యాదగా కిందకి దించాడు. ఏళ్ళ తరబడి హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషికి యాక్సిల్ సంగతులు ఎలా తెలుసో అతనికి చెప్పాలంటే చాలా దూరం వెళ్ళాలి. గోదావరి దాటి, ధవళేశ్వరంలో మా అన్నయ్య ఇంటి వెనక షెడ్డు దాకా వెళ్ళాలి.

మా అన్నయ్య కార్లు బాగుచేసేవాడు. ఇంటి వెనకాలే రేకుల షెడ్డు, అడ్డంగా ఒక ఇనప దూలం, దానికి వేలాడే గొలుసు కప్పీ. వంటింట్లోంచి పోపు వాసన, షెడ్డులోంచి కిరోసిన్ వాసన వచ్చి వెనక గడప దగ్గర కలుసుకునేవి. మా వదిన కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వాసనకి తలనొప్పి వస్తోందని గోల పెట్టేదట. తర్వాత్తర్వాత పప్పు పొయ్యి మీద పడేసి వచ్చి, బండి కింద పడుకున్న అన్నయ్య చెయ్యి చాపగానే అడక్కుండానే సరైన స్పానరు అందించే స్థాయికి వచ్చింది. ఆవకాయలో ఉప్పెంత పడాలో, ఏ బోల్టుకి ఏ స్పానరు పడుతుందో రెండూ ఆవిడకి కంటిచూపుతోనే తెలుస్తాయి. షెడ్డులోకి ఎవరెవరివో బండ్లు వచ్చి పోతుండేవి కానీ, ఒక మూల మాత్రం ఎప్పుడూ అన్నయ్య సొంత కారే ఉండేది. చిన్న కార్లు మన దేశంలోకి కొత్తగా వచ్చిన రోజుల నాటిది. మీగడ రంగు, మూడు సిలిండర్ల ఇంజను, తలుపు వేస్తే బిస్కెట్ల డబ్బా మూత వేసినట్టు చప్పుడు. వదిన ఆ కారులోనే కాలవ గట్టు మీద డ్రైవింగు నేర్చుకుంది. నేర్పినంతసేపూ అన్నయ్య అరుస్తూనే ఉండేవాడు, ఆవిడ వింటున్నట్టు తలూపుతూ తనకి తోచినట్టే నడిపేది. పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ మేమంతా ఆ కారులోనే కిక్కిరిసి వెళ్ళేవాళ్ళం.

కొన్నేళ్ళ కిందట అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కాలు కొంచెం కూడదీసుకుంది గానీ మాట రాలేదు. "ఊఁ", "వద్దు", "ఆగు" అనే మూడు ముక్కలు మాత్రం మిగిలాయి. మాట్లాడించండి, మాట్లాడిస్తే వస్తుంది అన్నారు డాక్టరుగారు. మేం మాట్లాడించాం. నేను కొవ్వూరు నుంచి వారానికి రెండు మూడుసార్లు వెళ్ళి పేపరు చదివి వినిపించేదాన్ని, రాజకీయాలు చెప్పి రెచ్చగొట్టేదాన్ని. ఒకప్పుడు వీధంతా వినబడేలా వాదించే మనిషి గోడవైపు తిరిగి పడుకునేవాడు. షెడ్డు మూసేశారు. వచ్చేపోయే బండ్లు ఆగిపోయాయి. మూలనున్న కారు కూడా అంతకుముందే నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. ఇంజను దించి పిస్టన్ రింగులు మారుస్తానని అంటూ ఉండగానే అన్నయ్యకి ఇలా అయింది. దాని మీద దుమ్ము పేరుకుపోయింది.

వదిన తమ్ముడికి తునిలో పాత బండ్లు కొని అమ్మే వ్యాపారం. ఒకరోజు నేనక్కడ ఉండగా వ్యానూ తాడూ తీసుకుని వచ్చాడు. "ఇంకెందుకక్కా ఇది, ఎలకలు చేరుతున్నాయి. తుని పట్టుకుపోయి తుక్కుకి ఇచ్చేస్తాను," అన్నాడు. మంచికే అన్నాడు. వదిన కూడా కాదనలేదు. తాడు కట్టి బయటికి లాగుతుంటే ఎలా లేచాడో, గోడ పట్టుకుని ఎలా వచ్చాడో తెలీదు, అన్నయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎడమచేత్తో కారు తలుపు పిడి పట్టుకుని, "ఆగు," అన్నాడు. తమ్ముడు ఆగాడు. అన్నయ్య చెయ్యి మాత్రం పిడి వదల్లేదు. వదిన ఆయన మొహంలోకి చాలాసేపు చూసి, "తాడు విప్పెయ్యరా. ఇంజను మేం దింపుతాం," అంది.

"మేం అంటే ఎవరక్కా?"

"నేనూ, మా ఆడపడుచూ. చెప్పడానికి మీ బావగారున్నారుగా."

తమ్ముడు నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. నాకు అప్పటికి స్క్రూడ్రైవరు తప్ప ఇంకో పనిముట్టు పేరు తెలీదు.

మర్నాటి నుంచి పని మొదలైంది. వదిన చీర మీద అన్నయ్య పాత ఖాకీ చొక్కా తొడుక్కుంది. అన్నయ్యని చేతుల కుర్చీలో షెడ్డు గుమ్మం దగ్గర కూర్చోబెట్టాం. వదిన విప్పిన బోల్టులు కిరోసిన్లో కడిగి, దేనికవి విడివిడిగా పచ్చడి సీసాల్లో వెయ్యడం నా ఉద్యోగం. బానెట్టు, బ్యాటరీ, రేడియేటరు, గొట్టాలు, వైర్లు ఒక్కొక్కటీ ఊడొచ్చాయి. అన్నయ్య అప్పుడప్పుడూ "ఊఁ" అనేవాడు, తప్పు బోల్టు మీద చెయ్యేస్తే "వద్దు" అనేవాడు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత యాక్సిల్స్ వచ్చాయి. ఆ కార్లలో ఇంజను బలమంతా ముందు చక్రాలకే వెళ్తుంది. గేర్‌బాక్సు నుంచి చెరో పక్కకీ ఒక ఇనప కడ్డీ చక్రం దాకా పోతుంది, అదే యాక్సిల్. అవి రెండూ గేర్‌బాక్సులోంచి ఊడితే తప్ప ఇంజను పైకి లేవదు. వదిన గేర్‌బాక్సు ఆయిలు పళ్ళెంలోకి దించేసి, చక్రం దగ్గర కింది జాయింటు వదులు చేసి, ఎడమ యాక్సిల్‌ని రెండు చేతులా పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగబోయింది.

"ఆగు," అన్నాడు అన్నయ్య.

ఆవిడ ఆగింది. అన్నయ్య పెదవులు కదులుతున్నాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి. ఏదో మోయలేనిది మోస్తున్నట్టు ఉంది. అప్పుడు వచ్చింది మాట, ముక్కలు ముక్కలుగా, ముద్దముద్దగా.

"లా... లాగకు. కడ్డీ పట్టుకు లాగితే... లోపల జాయింటు ఊడొచ్చేస్తుంది. గేర్‌బాక్సు దగ్గర... లివరు పెట్టి మీటు."

నా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అన్నయ్య పలికిన మొదటి పూర్తి మాట అది. వదిన వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుపొచ్చి పని ఆగిపోతుందని ఆవిడకి తెలుసు. "అలాగేనండీ," అని మామూలుగా అనేసి, లివరు తీసుకుని జాయింటుకీ గేర్‌బాక్సుకీ మధ్య పెట్టి మీటింది. యాక్సిల్ చటుక్కున బయటికొచ్చింది. "వేలాడనివ్వకు. కట్టు," అన్నాడు అన్నయ్య మళ్ళీ. బట్టలారేసే తీగ ముక్కతో దాన్ని పైకి కట్టాం. ఆ రోజు నుంచి వదిన ప్రతి చిన్నదీ అడగడం మొదలుపెట్టింది. ఇదేం చెయ్యాలండీ, ఇది ఎటు తిప్పాలండీ. నాకే విసుగొచ్చి, "నీకు తెలిసిందేగా వదినా," అంటే, "తెలుసులేవే అమ్మాయ్. స్పానరు పెట్టి బోల్టులు విప్పుతున్నాను, ప్రశ్నలు పెట్టి ఆ నోరు విప్పుతున్నాను," అంది.

గొలుసు కప్పీకి తగిలించి ఇంజను పైకి లేపిన రోజు షెడ్డంతా మాదే అనిపించింది. రాజమండ్రిలో అరిగిన సిలిండర్ల లోపలి గోడలు సాపు చేయించి బోరు కొట్టించాం, కొత్త పిస్టన్లూ రింగులూ తెచ్చాం. భార్యాభర్తలిద్దరూ మూడు చేతులతో ఇంజను కూర్చారు. తిరిగి బండిలో దించేనాటికి తుని నుంచి తమ్ముడు బస్సెక్కి వచ్చాడు, చూడ్డానికే. ఇంజను బుద్ధిగా కూర్చుంది. ఎడమ యాక్సిల్ కూడా ఎక్కింది. కుడిది మాత్రం మొరాయించింది. ఎక్కినట్టే ఎక్కింది గానీ, ఆయిలు పోశాక చూస్తే కింద సిమెంటు మీద చుక్క, చుక్క పక్కన ఇంకో చుక్క. యాక్సిల్ కొన తగిలి, ఆయిలు కారకుండా గేర్‌బాక్సుకి వేసిన కొత్త రబ్బరు సీలు అంచు కోసుకుపోయింది. మళ్ళీ అంతా విప్పాలి. వదిన నేల మీద కూలబడింది. మొదటిసారి ఆవిడ మొహంలో అలసట చూశాను.

"ఇక చాలక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "ఊళ్ళోంచి మెకానిక్‌ని పిలుద్దాం."

కుర్చీలోంచి మాట వచ్చింది. "మెకానిక్కు... ఇక్కడే ఉన్నాడు."

ఆ మాటతో వదిన లేచింది. రాజమండ్రి వెళ్ళి ఇంకో సీలు తెచ్చింది తమ్ముడే. ఈసారి అన్నయ్య కుర్చీని బండి పక్కకి జరిపించుకున్నాడు. సీలు అంచుకి గ్రీజు రాయమన్నాడు. యాక్సిల్ కొసన సన్నటి తీగ రింగు ఒకటుంటుంది, లోపల గాడిలో బిగుసుకుని యాక్సిల్‌ని పట్టి ఉంచేది అదే. అది కిందకి జారకుండా గ్రీజుతో మధ్యలో నిలపమన్నాడు. "తిన్నగా పట్టుకో. సీలు మీద బరువెయ్యకు. పళ్ళు కలిసేదాకా తిప్పు. కలిశాయా? ఇప్పుడు... ఒక్కటే తోపు." వదిన ఊపిరి బిగబట్టి, భుజం ఆనించి తోసింది.

టక్.

"పడింది," అన్నాడు అన్నయ్య, మాకు అర్థమయ్యేలోపే. వదిన జాయింటు పట్టుకుని మెల్లగా గుంజి చూసింది. కదల్లేదు. ఆయిలు పోసి, నేనూ, వదినా, ఆవిడ తమ్ముడూ నేల మీద చెంపలు ఆనించి బండి కిందకి చూస్తూ పడుకున్నాం. సిమెంటు పొడిగా ఉంది.

అన్నయ్య వదిన భుజం పట్టుకుని వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు మీదుగా ఎడమచెయ్యి పోనిచ్చి తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆ తర్వాత అందుకుంది. షెడ్డు రేకులు సన్నగా అదిరాయి. వెనక నీలం పొగ లేదు. అన్నయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు. కాసేపటికి సగం మొహంతో నవ్వాడు. మిగతా సగం వదిన నవ్వింది.

మర్నాడు పొద్దున్న తమ్ముడు బస్టాండుకి బయల్దేరుతుంటే వదిన తాళాలు తీసుకుని, "బస్సెందుకురా, తునిలో దింపుతాం పద," అంది. హైవే మీద లారీలుంటాయక్కా అని అతను గొణిగాడు గానీ వెనక సీట్లో నా పక్కన కూర్చోక తప్పలేదు. కొత్తగా బోరు కొట్టిన ఇంజను కదా, స్పీడు వద్దన్నాడు బండి నడుపుతున్న వదిన పక్కన కూర్చున్న అన్నయ్య. లారీలు, బస్సులు, చివరికి కొబ్బరికాయలేసుకెళ్ళే ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటిపోయాయి. మాకు వాటిలో ఒక్కదాని మీదా అసూయ కలగలేదు. తునిలో దిగి, తమ్ముడు ఇంట్లోంచి తమలపాకుల కట్ట తెచ్చి అన్నయ్య ఒళ్ళో పెట్టాడు. "మీరు గెలిచారు బావగారూ," అన్నాడు. "మీ అక్క," అన్నాడు అన్నయ్య.

తిరిగొస్తుంటే పెద్దాపురం మలుపు దాటాక అన్నయ్య సణుగుడు మొదలైంది. ఇంకా మూడో గేరేంటి, క్లచ్చి మీద కాలెందుకు, ఆ హారనేంటి అని. విని విని వదిన, "మీరు కాసేపు నోరు మూసుకుని కూర్చోండి," అని కసిరింది. అంతలోనే తనేమన్నదో తనకే వినబడినట్టు, బండి పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద తలపెట్టి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు. ఎండ వాలుతోంది, ఇంజను తనపాటికి తను తిరుగుతోంది. జీవితంలో ఎప్పుడూ మనల్ని తరుముతూనే ఉండే కాలం, ఆ సాయంత్రం మాత్రం మాతో పాటు రోడ్డు పక్కన ఆగి, మేం నవ్వడం పూర్తయ్యేదాకా ఎదురుచూసింది.