ఫోనులో ఆరోగ్యవంతుడు

ముంచింగిపుట్టు సంతవీధిలో కిరాణా కొట్టు నడిపే భాస్కరరావు బొబ్బిలి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. షుగరు వచ్చి చాలా కాలమైనా దాన్ని జబ్బని ఆయన ఒప్పుకోలేదు. గిట్టనివాళ్లెవరో వేసిన నిందలా చూసేవాడు. విశాఖపట్నంలో డాక్టరు హేమలత "మందులు మానకండి, తిండి మార్చండి, నడవండి, రోజూ పాదాలు చూసుకోండి" అని గట్టిగా చెప్పి, అవన్నీ గుర్తుచేసే యాప్ ఒకటి ఫోనులో వేయించింది. ఇన్నిటిలో ఆయనకు నచ్చింది ఆ యాప్ ఒక్కటే.

తినేదాన్ని ఫొటో తీసి పెట్టమంటుంది యాప్. భార్య కమల తన కోసం కాచుకున్న చోడి అంబలి, అంటే రాగి జావ, పక్కన ఆకుకూర. ఆయన ఫోను ఆమె కంచం మీదకు వంచి ఫొటో తీసేవాడు. శభాష్ అంటూ తెర మీద పచ్చగీత వెలిగేది. తర్వాత తన కంచంలో తెల్లన్నం గుట్టగా పోసుకుని నెయ్యి కుమ్మరించుకునేవాడు.

"ఎవర్ని మోసం సేత్తన్నారండీ?" అంది కమల ఓసారి.

"మోసమేటే? ఒకింట్లోవాళ్లం. నువ్వు తింటే నేను తిన్నట్టు కాదేటి?"

నడక కూడా ఇంతే. గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోను పట్టుకున్న చెయ్యి ఊపేవాడు. యాప్ దాన్ని నడకే అనుకునేది.

పచ్చగీతలు పెరిగేకొద్దీ ఆయన నోరు పెరిగింది. పసుపు కొమ్ముల కావడి భుజాన వేసుకుని కొండ దిగి వచ్చిన గిరిజన రైతు గాసిని నిలబెట్టి, నడక వల్ల లాభాలు చెప్పాడు.

"అలాగే సావుకారీ. బేగి తూకమెయ్యి, మళ్లీ కొండెక్కాల" అన్నాడు గాసి.

ఆ గీతల పేరు విని వర్తక సంఘం వాళ్లు ఆయన్ని వేదికెక్కించి శాలువా కప్పారు. మైకు ముందు ఫోను ఎత్తి చూపించి, ఆరోగ్యం మన చేతిలోనే ఉందన్నాడు. దిగి వచ్చి రెండు కాజాలు తిన్నాడు.

వానల్లో ఒక సంతరోజు చెక్కపెట్టె మేకు చెప్పులోంచి అరికాల్లో దిగింది. ఆయనకు తెలియనే లేదు. షుగరు ఎప్పుడో పాదాల స్పర్శ తినేసింది. సాయంత్రందాకా ఆ కాలితోనే తిరిగాడు. గచ్చు మీద మరకలు చూసి కమల కేకేసింది.

"రగతం కారిపోతన్నాదండీ! నొప్పి తెలీలేదేటి?"

"ఏటీ కాదు, కాస్త పసుపు అద్దు. ఇయాళ నా గీత చూడు, ఎంత పచ్చగున్నాదో!"

వారం తిరక్కుండా కాలు వాచి, వేళ్లు నల్లబడి, ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. కమల ఆయన్ని విశాఖ తీసుకెళ్లింది. అక్కడా ఆయన మొదట ఫోనే చాపాడు. హేమలత రక్తపరీక్ష చూసి తలెత్తింది.

"ఇంత షుగరు పెట్టుకుని ఏం తింటున్నారు మీరు?"

"అందులో ఉంది కదమ్మా, ఫొటోలతో సహా."

"అది నా కంచం డాక్టరుగారూ" అంది కమల. "నా కూడు ఫోనుకి సూపించి, ఈయన కూడు ఈయన తిన్నారు."

కాలివేళ్లు రెండు తీసేశారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే కమల చెయ్యి పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. ఎవరికైనా జాలి కలిగే దృశ్యమే. ఇంటికి వచ్చాక ఆ జాలిని ఆయనే నిలవనివ్వలేదు.

ఇప్పుడు కొట్లో కమల కూర్చుంటోంది. ఆయన కొట్టు వెనక మంచం మీద కాలు దిండుకెక్కించుకుని, పరామర్శకు వచ్చినవాళ్లందరితో "తప్పంతా ఆ మేకుది. షుగరుకేటి సంబంధం?" అంటాడు. పాత యాప్ ఊరికే వచ్చింది కాబట్టి అలా అయిందట. డబ్బు కట్టి తీసుకునేది అయితే పొల్లుపోదట. మొన్న అదీ వేయించుకున్నాడు.

"ముందు మాత్ర మింగండి" అంది కమల.

"నీళ్లు తే."

"మీ పక్కనే ఉన్నాయి" అంది ఆమె, బేరంలోంచి తల తిప్పకుండానే.