దుఖాన్ రోడ్డు మీద ఫ్యామిలీ రూము

గల్ఫ్‌లో దుఖాన్ రోడ్డు మీద, ఇసుక తప్ప ఏమీ లేని చోట, మా చిన్నప్పుడు ఒక మోటెల్ ఉండేది... బయట రంగుల బల్బులు, లోపల ఫ్యామిలీల కోసం ఆకుపచ్చ తెరలు కట్టిన చల్లటి రూములు. శుక్రవారం వస్తే, సిటీలో అల్ ముంతజాలోని మా ఇంటి నుంచి బాపు మమ్మల్ని కారులో అక్కడికి తీసుకెళ్ళేవాడు.

నిన్న ఎవరో దాని ఫొటో పెట్టి, 'రోడ్ ట్రిప్‌లో తప్పక చూడాల్సిన పాత మోటెల్' అని రాశారు. కింద బోలెడు లవ్ గుర్తులు... నాకు ఒళ్ళు మండింది.

మేము షికారుకి వెళ్ళేవాళ్ళం కాదు. మా కాకను చూడటానికి వెళ్ళేవాళ్ళం. బాపుకు తమ్ముడు, దుఖాన్ చమురు బావుల దగ్గర కూలి పని. కంపెనీ బస్సు అతన్ని ఆ మోటెల్ దగ్గర దించేది. లోపలికి మాత్రం రానిచ్చేవారు కాదు. ఊళ్ళో భార్యా పిల్లలు ఉన్నా, ఇక్కడ లేరు కాబట్టి కాక 'బ్యాచిలర్'. గల్ఫ్ లెక్క అది... మేము లోపల తిని, పరోటాలు పొట్లం కట్టించుకొస్తే, కాక కారు నీడలో కూర్చుని తినేవాడు. పైగా నవ్వేవాడు. ఆ నవ్వు తలచుకున్నా నాకు కోపమే.

ఒక శుక్రవారం పొద్దున ఊరి నుంచి టెలిగ్రాం వచ్చింది. నానమ్మ పోయింది. బాపు తలమీద నీళ్ళు పోసుకుని కారు తీశాడు. తమ్ముణ్ణి ఎండలో నిలబెట్టి ఆ కబురు చెప్పకూడదనుకున్నాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ఆ రోజు మేనేజర్‌ని అడిగాడు. మేనేజరు తెలుగాయనే, మెడలో టై.

"మా అవ్వ కాలం జేసింది సార్. మా తమ్మునికి ఇంకా ఎర్కలేదు. జరసేపు లోపల కూసోనియ్యుండ్రి."

"ఫ్యామిలీ అంటే ఆడవాళ్ళూ పిల్లలూనండి. ఆయన బ్యాచిలర్ కదా. వెనకాల లారీల దగ్గర కూర్చోమనండి."

మా ఇళ్ళల్లో చావు కబురు విన్నచోటే, కట్టుబట్టలతోనే తలమీద నీళ్ళు పోసుకోవాలి. అమ్మ ఒక్క బకెట్ నీళ్ళు అడిగింది. నీళ్ళు ట్యాంకర్‌లో తెప్పించుకుంటున్నాం, గెస్టులకే అన్నాడు ఆ మహానుభావుడు. అమ్మ అతన్ని కడిగేసేదే... బాపు చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చాడు.

కాక బస్సు దిగి ఎప్పటిలాగే నవ్వుతూ, మేమున్న లారీల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, అవ్వ కండ్ల ఆపరేషన్ అయ్యిందా?"

"రాజం... అవ్వ లేదురా."

లారీల వెనక, డీజిల్ మరకల ఇసుకలో కాక కుప్పకూలిపోయాడు. మేము తాగడానికి తెచ్చుకున్న ఫ్లాస్కులో నీళ్ళు అమ్మ అతని తలమీద పోసింది. అవి చాలక, రేడియేటర్ కోసం డబ్బాలో పెట్టుకున్న తుప్పు నీళ్ళు కూడా బాపు పోశాడు. డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని చూస్తూ ఉన్నారు. ఆ తడిబట్టలతోనే కాక, కూలీల క్యాంపుకి తిరిగెళ్ళే బస్సెక్కాడు.

తిరుగుదారిలో చెల్లి నీళ్ళకోసం ఏడ్చింది. కారులో చుక్క లేదు. ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ రోడ్డు అద్దంలా ఉంది... మమ్మల్ని గెంటిన గోడలు ముచ్చటైన పాత కట్టడం అయిపోయాయి. వెళ్ళండి, ఫొటోలు దిగండి, మీ ఇష్టం. అక్కడి పరోటాల రుచి గురించి మాత్రం నా పోస్టు కింద రాయకండి. మీ ఇంట్లోనూ అలా గుమ్మం బయటే ఆగిపోయిన వాళ్ళుంటే, వాళ్ళ పేర్లు రాయండి.

మా కాక పేరు రాజం... తల్లి పోయిన రోజు కూర్చుని ఏడవడానికి అతనికి ఒక కుర్చీ ఇవ్వలేదు.