ఎవరి మనిషి

బోరబండ గల్లీలో మగపిల్లలు స్వరూపను ఆటలోకి రానిచ్చింది ఒకే ఒక్క కారణానికి. మోరీలో పడ్డ బంతిని చేత్తో తియ్యడానికి ఆ పిల్లకు రోత లేదు. అయితే తీసిన బంతిని బుద్ధిగా చేతికిచ్చేది కాదు, విసిరేది. ఆ విసురుకు ఒకడి అరచెయ్యి వాచింది. మర్నాడు వాళ్ళే పిలిచి బంతి చేతిలో పెట్టారు. పెట్టినందుకు చాలాకాలం బాధపడ్డారు కూడా, ఎందుకంటే ఆ తర్వాత గల్లీలో ఎవడి బ్యాటింగూ సాగలేదు.

తండ్రి మొగిలి వరంగల్ పక్క నుంచి వచ్చి రాళ్ళు కొట్టే పనిలో కుదురుకున్నవాడు. తల్లి బాలమ్మ ఇళ్ళల్లో పని చేసేది. కూతురు క్రికెట్ ఆడుతుందంటే ఇద్దరికీ అర్థమైంది తక్కువే గానీ అడ్డం మాత్రం రాలేదు. ఆ పిల్లను నిజంగా చేరదీసింది కామేశ్వరరావు. ఆయనది రాజమండ్రి. శేరిలింగంపల్లి వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం, సాయంత్రాలు ఆ ఫ్యాక్టరీ క్రికెట్ క్లబ్బులో కోచ్. బడిపిల్లల పోటీల్లో స్వరూప బౌలింగ్ చూసి, "నువ్వు నాకు పెద్ద తలనొప్పివి అవుతావమ్మాయ్" అని తిట్టినట్టే అని, ఆ వారంలోనే బూట్లు కొనుక్కొచ్చాడు. అవి బాగా పెద్దవి. వేళ్ళ దగ్గర గుడ్డపీలికలు కుక్కుకుని ఆ బూట్లతోనే ఆమె పరుగు నేర్చుకుంది, తర్వాత రాష్ట్రం జట్టు దాకా వెళ్ళింది.

రాష్ట్రం జట్టంటే ఏదో అనుకునేరు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ క్రికెట్ అంటే రిజర్వేషన్ లేని రైలుపెట్టెలో తలుపు దగ్గర కూర్చుని పోవడం, ఏదో ఊరి బడిలో బెంచీలు జరిపి నేల మీద పడుకోవడం, ఎవరూ చూడని మ్యాచ్ ఆడి మళ్ళీ అదే రైలెక్కడం. ఆ నేల మీద స్వరూప పక్కన పడుకునేది భార్గవి. అనంతపురం పిల్ల, ఎడమచేతి స్పిన్నర్, నోరు మూతపడేది కాదు. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా బోరబండలోనే దిగేది. బాలమ్మ చేసిన జొన్నరొట్టె తిని, "పెద్దమ్మా, మా యమ్మ సంగటి కన్నా ఇదే బాగుండాది, ఆయమ్మతో మాత్రం చెప్పొద్దు" అనేది.

తొంభై ఎనిమిదిలో ఆ భార్గవికి ఫ్యాక్టరీ క్లబ్బులో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం వచ్చింది. పర్మనెంటు పోస్టు. ఆ క్లబ్బులో ఆడమనిషికి అలాంటిది ఇవ్వడం అదే మొదలు. క్లబ్బు సెక్రటరీ ఇంటర్వ్యూ గింటర్వ్యూ లేకుండా సొంతంగా ఇచ్చేశాడు. అది తప్పే. ఆయనదీ భార్గవిదీ ఒకే జిల్లా, అదీ నిజమే. మిగతాదంతా జనం కల్పించుకున్నారు. పోస్టు రానివాళ్ళు పైకి ఫిర్యాదు చేశారు. పేపరువాళ్ళు ఆమె ఫొటో వేసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. చివరికి సెక్రటరీని ఇంకో విభాగానికి మార్చారు, అక్కడ గది ఇంకా పెద్దది. భార్గవిని ఇంటికి పంపారు. అదే సెక్రటరీ అంతకు కొన్నేళ్ళ ముందు సొంత బావమరిదిని గ్రౌండు మేనేజర్ని చేశాడు. దాన్ని మాత్రం ఏ పేపరూ కుంభకోణం అనలేదు. ఆ బావమరిది ఇప్పటికీ రోలరు పక్కన కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నాడు. అసలు భార్గవి బంతి ఎలా వేస్తుందని ఆ గొడవలో ఒక్కరూ అడగలేదు. స్వరూప వెళ్ళి ఆమెను పలకరించాలనుకుంది. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే భార్గవి ఊరెళ్ళిపోయింది.

మరుసటేడు అదే పోస్టును మళ్ళీ ప్రకటించారు. ఈసారి క్లబ్బు కడిగిన ముత్యంలా ఉండాలని పెద్దలంతా కూర్చుని కొత్త పద్ధతులు పెట్టారు. ఎంపిక చేసే ముగ్గురూ ఒక్క మాట మీద ఉంటేనే ఉద్యోగం, ఒక్కరు కాదన్నా లేదు. ఆ ముగ్గురిలో ఎవరూ ఆడ అభ్యర్థులతో బయట మాట్లాడకూడదు. ఆడవాళ్ళు ఇంటి మగవాళ్ళలో ఒకరిని వెంట తెచ్చుకోవాలి, ఆ మనిషి గదిలోనే కూర్చోవాలి. మగ అభ్యర్థులు మటుకు ఎవరితోనైనా ఎక్కడైనా టీ తాగొచ్చు. వాళ్ళ శీలానికి ఢోకా లేదు కాబోలు.

స్వరూప దరఖాస్తు పెట్టింది. జట్టులోకి కొత్త పిల్లలు వచ్చారు, ఆమెకు పిలుపులు ఆగిపోయాయి. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఒక కంపెనీ ఆమెను రిసెప్షన్‌లో తీసుకుంటానంది; పొడుగ్గా ఉంది, ఇంగ్లీషు కొంచెం వచ్చు, వాళ్ళకు అంతే కావాలి. ఆ మేడ కోసం గుట్టను పగలగొట్టిన వాళ్ళలో మొగిలి కూడా ఉన్నాడు. నెలాఖరులోగా ఏ సంగతో చెప్పమన్నారు. ఈ పోస్టు వస్తే ఇక జన్మంతా గ్రౌండు మీదే. రాకపోతే బల్ల వెనక కూర్చోవడమే, ఇక బంతి ముట్టే పని ఉండదు.

ఎంపిక చేసే ముగ్గురిలో కామేశ్వరరావు ఒకరు. అది తెలిసిన రోజు నుంచి ఆయన స్వరూప నమస్కారం తీసుకోవడం మానేశాడు. ఎదురుపడితే స్కోరుబోర్డు వైపు చూసేవాడు. ఒకసారి చందానగర్ బస్టాపులో ఇద్దరే ఉంటే ఆయన వచ్చిన బస్సు వదిలేసి రోడ్డు దాటి అవతల నిలబడ్డాడు. స్వరూప అర్థం చేసుకుంది. పద్ధతి పద్ధతే కదా అనుకుంది. అయినా ఆ రోజు బస్సులో ఆమెకు ఏడుపొచ్చింది. అదే ఆఖరు, ఆ తర్వాత రాలేదు.

పరీక్ష రోజు మొగిలి పని మానుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూతురి వెంట వచ్చాడు. గ్రౌండు చివర వేసిన కుర్చీలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, దవాఖానలో వంతు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరిలో వెంట మనిషి ఉన్నది స్వరూపకే, ఎందుకంటే ఆడమనిషి ఆమె ఒక్కతే. నెట్స్‌లో కుర్రాళ్ళ చేత బంతులు వేయించి తప్పులు దిద్దమన్నారు. ఎత్తు క్యాచులు కొట్టి పట్టించమన్నారు. ఆమె అన్నీ చేసింది. చివర్లో తనే బంతి తీసుకుని ఇదిగో ఇలా అని వేసి చూపిస్తే ఆఫ్‌స్టంప్ ఎగిరి అవతల పడింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. కామేశ్వరరావు చెప్పు సరిచేసుకుంటున్నాడు.

తర్వాత గది. మధ్యలో పర్సనెల్ ఆఫీసరు రంగనాథ్, ఒక పక్క వేరే క్లబ్బు పెద్దాయన, ఇంకో పక్క కామేశ్వరరావు. స్వరూప వెనక మొగిలి. మగ అభ్యర్థులను ఫీల్డింగ్ ఎలా నేర్పుతావు, పిచ్ ఎలా చదువుతావు అని అడిగారట. స్వరూప కూడా అవన్నీ చెప్పడానికి సిద్ధపడే వచ్చింది.

"ఈ క్లబ్బులో నువ్వు ఎవరి మనిషివమ్మా?" అన్నాడు రంగనాథ్.

"ఎవరి మనిషినీ కాను సార్. కామేశ్వరరావు సార్ దగ్గర ఆట నేర్చుకున్నాను."

"అది తెలిసిందేలే. పోయినేడు ఇక్కడ పనిచేసిన భార్గవి నీకు తెలుసా?"

"తెలియదు సార్."

"ఒకే జట్టులో ఆడారు కదా?"

"జట్టులో చాలామంది ఉంటారు సార్. ఆమెతో నాకు మాటల్లేవు."

మాట దానంతటదే వచ్చింది, తడబాటు కూడా లేదు. పన్ను పీకడానికి సూది వేశాక చెంప పట్టుకుంటే ఎవరిదో చెంపలా ఉంటుంది చూడండి, స్వరూపకు ఒళ్ళంతా అలా అయింది. అంతసేపూ బల్ల వైపే చూస్తున్న కామేశ్వరరావు అప్పుడు తలెత్తి ఆమెను చూశాడు. భార్గవి హైదరాబాద్ వచ్చినప్పుడల్లా ఇద్దరమ్మాయిలనూ పక్కపక్కన నిలబెట్టి బంతి పట్టించినవాడు ఆయనే, ఎండలో సోడాలు తాగించినవాడూ ఆయనే. మళ్ళీ చూపు బల్ల మీదికి దించాడు. రంగనాథ్ సంతోషంగా తలూపి, "మంచిది, వెళ్ళమ్మా" అన్నాడు.

రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాక మొగిలి మెల్లగా అడిగాడు.

"గా పిల్ల మనింట్ల తిన్నది గద బిడ్డా. గట్లెందుకన్నవ్?"

"ఎర్కనే అంటే ఇగ నౌకరి రాదు బాపు."

"మరి నన్నడిగితే ఏం జెప్పాల్నో?"

"నువ్వు గూడ ఎర్క లేదనే చెప్పు."

మొగిలి సరేనన్నట్టు తలాడించాడు. బోరబండ వచ్చేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు. కూతురు ఉద్యోగం కోసం ఆడిన అబద్ధం కదా, ఉద్యోగం వస్తే మరిచిపోవచ్చని ఇద్దరూ అనుకున్నారు.

రాలేదు. ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడి వేరే క్లబ్బు పెద్దాయన మేనల్లుడికి ఇచ్చారు. ఏ పేపరూ రాయలేదు. స్వరూప మాదాపూర్ కంపెనీకి వస్తానని చెప్పింది. వాళ్ళిచ్చిన చీర కట్టుకుని, వచ్చినవాళ్ళకు నవ్వుతూ నమస్కారం పెట్టడం నేర్చుకుంది. నవ్వడం కష్టం కాలేదు. బూట్లు బాలమ్మ కడిగి మంచం కింద పెడితే, తీసి పక్కింటి పిల్లకు ఇచ్చేసింది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున కామేశ్వరరావు అరటిపళ్ళు పట్టుకుని బోరబండ వచ్చాడు. మొగిలి కుర్చీ తుడిచి వేసి, "కూసోండ్రి సార్, చాయ్ పెడ్తది" అన్నాడు. ఆయన కూర్చున్నాడు గానీ పళ్ళ సంచి చేతిలోనే ఉండిపోయింది.

"నిద్ర పట్టడం లేదమ్మా. నీకు చెప్పుకోకపోతే ఇక పట్టదు."

"చెప్పండి సార్," అంది స్వరూప.

"వాళ్ళిద్దరూ నీ పేరే చెప్పారు. ఆ పెద్దాయన, సొంత మేనల్లుణ్ణి పెట్టుకుని కూడా నీ పేరే చెప్పాడు. కాదన్నది నేను."

బాలమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని గడపలోనే ఆగింది.

"నేను ఔనంటే ఏమంటారు? కామేశ్వరరావు పెంచిన పిల్లకి కామేశ్వరరావే ఉద్యోగం ఇచ్చుకున్నాడంటారు. నా సంగతి సరే, రిటైరయ్యేవాణ్ణి. నీ ఫొటో వేస్తారు, పక్కన ఆ గుర్తు పెడతారు. అందుకే నీకు అనుభవం చాలదన్నాను."

"నేను బాగా చెయ్యలేదా సార్?"

"నువ్వు చేసినట్టు ఆ రోజు ఎవరూ చెయ్యలేదు తల్లీ." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అసలు సంగతి చెప్పనా? నువ్వు గదిలోకి వచ్చేదాకా నీకే ఇవ్వాలని మొండిగా ఉన్నాను. ఎవరేమనుకున్నా సరే అనుకున్నాను. నువ్వు భార్గవి ఎవరో తెలియదన్నావు చూడు, అప్పుడు నాకు సిగ్గేసింది. ఇంత చిన్నపిల్లకున్న తెలివి నాకు లేకపోయిందే అని. ఎక్కడ ఎవర్ని కాదనాలో నీ దగ్గరే నేర్చుకున్నానమ్మా."

ఎత్తిపొడుపు కాదది. మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాడు.

స్వరూపకు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూసుకుంది. ఆయన్ను ఒక్క మాట అనాలన్నా అది ముందు తనకే తగులుతుంది, ఆ సంగతి తెలిసింది గానీ బాధ మాత్రం తెలియలేదు. మొగిలి లేచి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. ఆమె తల్లి చేతిలోంచి గ్లాసు అందుకుని ఆయనకిచ్చింది.

"మీరు చేసింది కరెక్టే సార్," అంది.

కామేశ్వరరావు ముఖం తేటపడింది. పళ్ళు పక్కన పెట్టి, చాయ్ అంతా తాగి, ఇంకో సగం గ్లాసు పొయ్యమని అడిగాడు.