నోటుబుక్కులో పెద్దకోడలు

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో మెదక్‌లో మా కాలేజీకి తాళం పడింది. బస్సుల్లేవు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో కరెంటాఫీసు వాళ్లకే తెలియదు. మా వాకిట్లో ఆడవాళ్ల బాధ మాత్రం వేరు. సాయంత్రం సీరియల్ మొదలయ్యే వేళకు సరిగ్గా టీవీ ఆగిపోయేది.

ఆ సీరియల్లో ఇద్దరు తోటికోడళ్లు. పెద్దామె దుర్మార్గురాలు, చిన్నామె ఏడవడానికే పుట్టింది. మధ్యాహ్నాలు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే మా వాళ్లకు నిన్న ఏం జరిగిందో తెలియకపోతే చెయ్యి సాగేది కాదు. ఖాళీగా ఉన్నదాన్ని కదా, ఒకరోజు నోటుబుక్కు తీసి చూడని భాగాన్ని నేనే రాసి చదివి వినిపించాను. ఎంత నచ్చిందంటే, కరెంటున్న రోజు టీవీలో కథ ఇంకోలా నడిస్తే, "టీవోళ్లే తప్పు తీసిండ్రు" అని తేల్చేశారు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

రాయడం మొదలుపెట్టాక ఒక వింత తెలిసింది. మంచిదాని ఏడుపు రాయడం చాలా సులువు. కళ్లు తుడుచుకుంది అంటే చాలు, వినేవాళ్లూ తుడుచుకుంటారు. చెడ్డదాన్ని రాయడమే కష్టం. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె ఏం చేస్తుంది? ఎవరినీ ఏడిపించని వేళల్లో ఏం ఆలోచిస్తుంది? టీవీలో ఆమె కనుబొమ్మ ఎగరేసి నిలబడేది, అంతే. నాకది చాలలేదు. అందుకని నాకు తెలిసిన పెద్దకోడల్ని గమనించడం మొదలుపెట్టాను.

ఆమె మా పెద్దమ్మ, మా పెదనాయన భార్య. నోరు కత్తెరే. మా చిన్నాయన పోయాక మిగిలిన చిన్నమ్మ మెత్తటి మనిషి. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. చిన్నమ్మ చాట కాస్త పక్కకు జరిగినా పెద్దమ్మ ఒక మాట అనేది, చిన్నమ్మ తల వంచుకునేది. రాసేదానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒకరోజు నాలుగింటికి నల్లా వచ్చింది. చిన్నమ్మ బిందె తీసుకుని వెళ్లగానే పెద్దమ్మ అటూ ఇటూ చూసి, ఆమె గుడ్డ కిందున్న బీడీ కట్టలు రెండు తీసి తన చాటలో వేసుకుంది. తలుపు చాటునుంచి చూశాను. ఇక ఆగలేక నోటుబుక్కు కోసం లోపలికి పరుగెత్తాను. ఆ తర్వాత ఆమె ఏం చేసిందో చూడలేదు.

మర్నాటికి సీరియల్లోని బంగళా కుటుంబం నా నోటుబుక్కులో బీడీలు చుట్టింది. పెద్దకోడలు చిన్నకోడలి కట్టలు దొంగిలించింది. వింటున్నవాళ్లు మెటికలు విరిచి తిట్టారు. చర్చి వెనక గల్లీ నుంచి వచ్చే ఆమె ఒక్కతే తిట్టలేదు.

"గిట్ల తీసుడు నేను గీడ గూడ చూసిన" అని పెద్దమ్మ వైపు చూసింది.

కత్తెరలు ఆగాయి. "అక్కా?" అంది చిన్నమ్మ.

పెద్దమ్మ చేతిలో ఉన్న ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి, ఆ బీడీని చాటలో పెట్టింది. అప్పుడు, "తీసిన. ఏమైతది?" అంది.

మర్నాడు పెద్దమ్మ కూర్చునే చోట ఇంకొకరు చాట పెట్టుకున్నారు. ఆమె చిన్నమ్మ వెనక గోడ దగ్గరికి జరిగింది. ఆమెకు కత్తెర అందించేవాళ్లు కూడా లేరు. చిన్నమ్మ నల్లాకు పోతే కట్టలు మూటగట్టుకుని పోయేది. కూర్చుంటే మూట పక్కన పెట్టుకుని దాని మీద ఒక మోచెయ్యి ఆనించి ఉంచేది.

నిజం చెప్పాలంటే నాకు జాలి కలగలేదు. తెలుసుకోవాలన్న దురద పుట్టింది. దొరికిపోయిన మనిషి ఎందుకు బొంకలేదు? నా కథలో పెద్దకోడలైతే నాలుగు అబద్ధాలు ఆడి, ఎవరో ఒకరి మీదికి తోసేది. పెద్దమ్మ వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను.

"రెండు కట్టలతోని ఏం చేస్కుంటవ్ పెద్దమ్మా?"

ఆమె లోపలికి పోయి ఒక కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. "నొక్కు" అంది. నొక్కాను. బీడీలు మెత్తగా నలిగి తంబాకు రాలింది.

"మీ చిన్నమ్మ చేసినయి. మొన్న కీళ్ల జరం వచ్చినకాడికెల్లి ఆమె వేళ్లల్ల బలం లేదు. గిసొంటియి కంపెనీల ఏరి పారేస్తరు. మల్ల మల్ల గట్లయితే కార్డు తీసేసి పని బంద్ చేస్తరు. ఇవి తీసి నావి పెడుతున్న. నువ్వు సగం చూసి ఉరికినవ్."

"మరి గా దినం చెప్పకపోతివి?"

"చెప్తే ఆమె ఇజ్జత్ ఏముంటది? చేతులు మంచిగనే నడుస్తున్నయని అనుకుంటుంది."

"చిన్నమ్మంటే గంత ప్రేమనా?"

"ప్రేమ లేదు, గీమ లేదు. కార్డు పోతే ఇంట్ల కూసొని పొద్దంత ఏడుస్తది. గా ఏడుపు వినేది నేనే."

నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. మర్నాటి సాయంత్రం కట్టలు కంపెనీకి పోవాలి, మూట చూస్తే చిన్నమ్మ మోచేతి కిందే ఉంది.

"చెడగొట్టింది నువ్వు, సదిరేది నువ్వే" అంది పెద్దమ్మ. "రేపు మస్తు ఏడిపించేది రాయి. ఒక్కలు గూడ పక్కకు చూడొద్దు."

"ఏం రాయాలె?"

"గా పెద్దదాన్ని తెచ్చి చిన్నదాని కాళ్ల మీద పడెయ్యి. అందరికి గదే కావాలె."

రాశాను. ఇంట్లోంచి గెంటేసిన పెద్దకోడలు వానలో తడుస్తూ వచ్చి చిన్నకోడలి కాళ్లు పట్టుకుంది. నేను చదువుతుంటే చిన్నమ్మ రెండు చేతులా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మూట ఒంటరిగా మిగిలింది. గోడ దగ్గర్నుంచి పెద్దమ్మ చెయ్యి ముందుకు జరిగింది. వాళ్లకు ఎదురుగా కూర్చున్నది నేనొక్కదాన్నే. భయంతో ఒకే వాక్యం రెండుసార్లు చదివాను, గొంతు వణికింది. నేనూ ఏడుస్తున్నాననుకుని మిగిలినవాళ్లు ఇంకా ఏడ్చారు. ఆలోపు కట్టలు మారిపోయాయి.

కంపెనీ నుంచి చిన్నమ్మ నవ్వుతూ వచ్చింది. ఒక్క బీడీ కూడా తీసెయ్యలేదట. వాకిట్లో అందరూ వినేలా, గోడ వైపు చూస్తూ, "ఎవ్వరు ముట్టకుంటే నా కట్టలు ఎంత మంచిగ పోయినయో చూసిండ్రా?" అంది.

నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా వైపు చూసిన చూపుకు మూసుకున్నాను.

"జర జాగ్రత్తగ చూస్కో మరి" అని చిన్నమ్మతో అని, తన చాట దులుపుకుంది.

ఆ రాత్రి రాయడానికి కూర్చున్నాను గానీ ఏడుపు ఎవరి వంతో తేల్చుకోలేకపోయాను.