పీలికల గంపలో పెట్ట

చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఇల్లంతా పెన్సిల్ కోసం వెతకడం దర్జీకి రోజూ ఉన్న పనే. దొరికాక తనను తానే తిట్టుకుని, గుండుసూదులు పెదాల మధ్య బిగించి మళ్లీ మిషను తొక్కుతాడు. అయినా తన దగ్గర సూది కూడా పోదని నలుగురిలో చెప్పుకుంటాడు. అందుకే అన్నయ్య చొక్కా బట్ట ఏదని పక్కవాటా వదిన అడిగినప్పుడు, అసలు ఇవ్వనే లేదని ఒట్టేశాడు. మూడు వారాలుగా ఆవిడ అతనితో మాట్లాడటం లేదు.

ఆ మూడు వారాలూ పెరట్లోని పెట్టలన్నీ గుడ్లు పెడుతుంటే, ఎర్రపెట్ట మాత్రం కింద ఒక్క గుడ్డయినా లేకుండా మిషను పక్కన పీలికల గంపలో పొదగడానికి కూర్చుంది. రోజుకు నాలుగుసార్లు ఎత్తి పెరట్లో దింపేవాడు. చేతులు దులుపుకునేలోగా అది మళ్లీ గంపెక్కేది. పొట్ట చల్లబడితే దిగుతుందని చన్నీళ్లలో ముంచితే, దానికన్నా ఎక్కువ తనే తడిశాడు. టేపు పట్టే వేలి మీద మూడు గాట్లు పడ్డాయి. "కింద ఏముందో చూసుకోవద్దటే, తెలివితక్కువదానా?" అని రోజూ దానికి బుద్ధి చెప్పేవాడు.

ఇవాళ విసుగొచ్చి గంపనే బోర్లించాడు. పీలికల అడుగున, మడత నలగకుండా, వెచ్చగా నీలిగళ్ల బట్ట. దానికి గుచ్చిన కాగితం మీద అన్నయ్య కొలతలు, తన దస్తూరీలోనే.

పెట్టను చంకలో, బట్టను చేతిలో పెట్టుకునే వెళ్లి వదిన గుమ్మంలో నిలబడ్డాడు. "దీని కిందే ఉంది వదినా. చూసుకోని తెలివితక్కువవాణ్ణి నేనే."

వదిన బట్టను తడిమి చూసింది. మూడు వారాల తర్వాత నోరు విప్పింది.

"ఇరవై ఒక్క రోజులు పొదిగింది కదా, ఇంకా చొక్కా కాలేదేం?"